పెరటి జలదారి నుంచి మిద్దె మీది ట్యాంకు దాకా

చెరువులు తవ్వించిన రాజుల పేర్లు శాసనాలకెక్కాయి. స్నానాల నీళ్లను అరటి పాదులోకి మళ్లించిన ఇల్లాలి పేరు ఏ రాతి మీదా లేదు. మన నీటి చరిత్రను మొదటినుంచీ రాజుల వైపు నుంచే రాసుకున్నాం. ఆనకట్ట ఎవరు కట్టారు, ఎన్ని ఎకరాలు తడిశాయి, ఎన్ని కూలిబళ్లు తిరిగాయి అన్నవే అందులో ఉంటాయి. ఇంటి నీళ్ల చరిత్ర రాయాలంటే శాసనాలు చాలవు. బావి గట్లు, వంటిళ్లు, పెరళ్లు వెతకాలి. అవి ఒక్కొక్కటే కనుమరుగవుతున్నాయి కాబట్టి, మిగిలినంతలో ఒకసారి వెనక్కి తిరిగి చూడక తప్పదు.

రాజుల సంగతి త్వరగా ముగిద్దాం. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకులు విజయపురిలో, అంటే ఇప్పటి నాగార్జునకొండలో, కోనేళ్లూ స్నానఘట్టాలూ కట్టారు. 13వ శతాబ్దంలో కాకతీయులూ వాళ్ల సామంతులూ రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు నిలబెట్టారు. సప్తసంతానాల్లో కొడుకుతో పాటు తటాకాన్నీ వనాన్నీ లెక్కేసిన సంస్కృతి ఇది. వీటన్నిటిలో నన్ను ఎక్కువగా ఆపేది కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం. బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో వేయించాడు. వెయ్యిమంది కూలీలు, వంద బళ్లు, రెండేళ్ల పని అని చెబుతూనే, మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలనూ, ఉండకూడని 6 దోషాలనూ ఆ శాసనం ఏకరువు పెట్టింది. ఆ దోషాల్లో రెండు ఇవి: నీరు తక్కువై తడపాల్సిన నేల ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం. వనరుకూ వాడకానికీ పొంతన కుదరకపోతే కట్టడం ఎంత గట్టిదైనా దండగేనని ఆరున్నర శతాబ్దాల కిందటే చెక్కించి పెట్టారు. మన అపార్ట్‌మెంట్ల ప్లాన్లు మంజూరు చేసే బల్లల ముందు ఆ రెండు వాక్యాలు వేలాడదీస్తే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది.

ఈ చెరువుల గురించి ఇక్కడ అవసరమైనంత మాత్రం చెప్పుకుంటే, చెరువు పొలానికి పారడమే కాదు, ఊరి కింది భూమికీ నీళ్లు పట్టేది. చెరువు నిండిన ఏడాది ఊళ్లో బావులు చేతికందేవి. ఊరు దాచేది, ఇల్లు తోడుకునేది. ఇంటి పొదుపుకు పునాది ఊరి పొదుపు.

ఇక ఇంట్లోకి వద్దాం. కుళాయి రాకముందు తెలుగు ఇంట్లో నీళ్లన్నీ ఒకటి కావు. తాగే మంచినీళ్లు వేరు, వాడుకనీళ్లు వేరు. కోస్తా ఊళ్లలో చాలా బావుల నీళ్లు ఉప్పన. వాటితో స్నానాలు, గిన్నెలు, బట్టలు కానిచ్చేవారు. వంటకూ తాగడానికీ మంచినీళ్ల చెరువు నుంచో, మంచిబావి నుంచో బిందెలో కావడిలో తెచ్చుకునేవారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి డెల్టాలో కాలువ నీళ్లే ఊరి మంచినీళ్లయ్యాయి. ఎండాకాలంలో కాలువలు కట్టేసే రోజులు వచ్చేలోపు చెరువు నింపుకోవడం ఊరుమ్మడి పని. బురద నీళ్లలో ఇండుప గింజ అరగదీసి కలిపితే మడ్డి అడుక్కి దిగేది. పైన తేరిన నీళ్లు తాగడానికి, అడుగు నీళ్లు పెరట్లో మొక్కకు. ఆ అడుగు నీళ్లు పారబోయాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

సీమలో కథ వేరు. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పెన్నా, చిత్రావతి ఎండిపోయినప్పుడు ఇసుకలో చెలమలు తీసి, ఊరినంత ఊరనిచ్చి, చిప్పతో ముంచి కడవ నింపేవారు. ఒక కడవ నిండటానికి ఎంతసేపు పడుతుందో తెలిసిన మనిషికి ఆ కడవను ఎలా ఖర్చు పెట్టాలో ఎవరూ నేర్పనక్కర్లేదు. తెలంగాణ ఇళ్లలో వాకిట్లో గోలెం ఉండేది. చేదబాయి నుంచి తోడిన నీళ్లు గోలెంలో పోసి, చెంబుతో ముంచుకుని వాడేవారు. చెంబు ఒక కొలత. ఎన్ని చెంబులు పోసుకున్నారో ఒంటికీ తెలుసు, గోలేనికీ తెలుసు.

నీళ్ల రెండో ప్రయాణం మొదలయ్యేది జలదారి దగ్గర. స్నానాల బండ, అంట్ల గట్టు, వాటి నుంచి పెరట్లోకి చిన్న కాలువ, కాలువ చివర అరటి. ఇది తెలుగు ఇళ్ల వాస్తులో గ్రంథాలకెక్కని సూత్రం. అరటి పక్కన కంద, చేమ, ఇంకొంచెం దూరంలో కొబ్బరి. బాగా నీళ్లు తాగేవి, మురికి నీళ్లు పడ్డా బెదరనివి ముందు వరసలో ఉంటాయి. సున్నితమైన కనకాంబరాలు, తులసికోట చుట్టూ ఉండే పూలమొక్కలు మంచి నీళ్లందే చోట ఉంటాయి. ఇప్పుడు ఈ పద్ధతికి పర్యావరణ పరిభాషలో పెద్ద పేర్లున్నాయి. అప్పుడు అది పెరడు.

బియ్యం కడిగిన నీళ్లు కుడితి తొట్టిలోకి పోయి, గేదె కడుపులోంచి పాలై తిరిగొచ్చేవి. గిన్నెలు బూడిదతో, కొబ్బరి పీచుతో తోమేవారు కాబట్టి నురగ కడగడానికి పదిసార్లు నీళ్లు పోయాల్సిన అవసరం లేదు. తలంటుకు కుంకుళ్లు, శీకాయ. ఆ నీళ్లు చెట్టుకు పోతే చెట్టుకు ఇబ్బంది లేదు. పాతకాలపు మనుషులు మనకన్నా ప్రకృతి ప్రేమికులని నేను అనను. వాళ్ల సబ్బులో చెట్టును చంపే ఉప్పు లేదు, అంతే. నేటి డిటర్జెంట్లలోని సోడియం నేలలో పేరుకుంటే మట్టి గట్టిపడి నీళ్లు ఇంకవు. వాషింగ్ మిషన్ నీళ్లను ఆకుకూరల మడికి మళ్లించే ఉత్సాహవంతులు ముందుగా సబ్బు మార్చుకోవాలి, లేదా ఆ నీళ్లను అరటికో మెట్టతామరకో ఇవ్వాలి.

మొక్కకు నీళ్లు పోయడంలోనూ ఒక చదువుండేది. వేరు మొదట్లో కుమ్మరించకుండా, కొమ్మల అంచు మేరకు చుట్టూ పాదు చేసి అందులో పోసేవారు. పాదులో ఎండుటాకులు పరిచేవారు, చల్లపొద్దున పోసేవారు. కొత్తగా నాటిన మామిడికీ కొబ్బరికీ పక్కన కుండ పాతేవారు. కాల్చిన మట్టికుండ నిలువెల్లా సన్నని రంధ్రాలే. చుట్టూ మట్టి ఎండితే కుండలోని నీరు బయటికి లాగబడుతుంది, మట్టి తడిస్తే ఆ లాగడం తగ్గుతుంది. మొక్కకు దాహమైనప్పుడే కుండ ఇస్తుంది. చైనాలో క్రీ.పూ. 1వ శతాబ్దపు వ్యవసాయ గ్రంథంలో కూడా ఈ పద్ధతి ఉంది. ఎవరి దగ్గర ఎవరు నేర్చారన్న తగువు అనవసరం. మట్టి, కుండ, దాహం మూడూ ఉన్న చోటల్లా ఎవరికో ఒకరికి తట్టే విషయం అది. 2003 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సూక్ష్మసేద్యం పథకం మొదలుపెట్టినప్పుడు డ్రిప్పు గొట్టాలు చేసింది ఇదే పని. కాకపోతే గొట్టం దాహం చూడదు, గడియారం చూస్తుంది.

ఇంతవరకు చదివి, ఆహా ఎంత మంచి రోజులు అనుకునేవాళ్లను ఇక్కడ ఆపాలి. ఆ పొదుపు ఖరీదు ఎవరు చెల్లించారు? ఎక్కువగా ఆడవాళ్ల భుజాలూ నడుములూ చెల్లించాయి. చేంతాడు లాగిన అరచేతులకు కాయలు కాచాయి. మగవాడు బావి దగ్గర కూర్చుని నాలుగు బిందెలు తలమీద పోయించుకుంటే, ఆ నాలుగూ తోడింది ఇంటావిడో పనిమనిషో. రెండో ఖరీదు ఇంకా పెద్దది. ఊరి మంచిబావి ఊరందరిదీ కాదు. దళితులు గట్టుకు దూరంగా నిలబడి, పైనుంచి ఎవరైనా పోస్తే పట్టుకోవాల్సిన ఊళ్లు ఎన్నో. 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితుల హత్యకు దారి తీసిన గొడవ, వాళ్ల వాడ మంచినీళ్ల చెరువును మురికి చేయొద్దన్న మాట దగ్గర మొదలైంది. కరవు అందరికీ ఒకేలా రాలేదు. నీళ్ల పొదుపు గురించి రాసే వ్యాసం ఈ మాట దాటేస్తే ఆ వ్యాసానికి అర్థం లేదు. ఇంటికో కుళాయి కావాలన్న కోరికలో సోమరితనం కన్నా ఆత్మగౌరవం పాలు ఎక్కువ.

ఆ కుళాయి నగరాలకు ముందు వచ్చింది. హైదరాబాదులో 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్నాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో రెండు జలాశయాల ఆలోచన పుట్టింది. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో సిద్ధమయ్యాయి. అప్పటిదాకా మీరాలం లాంటి చెరువులు, బావులే నగరానికి దిక్కు. వరద కాపుకోసం కట్టిన చెరువు మోటారు అవసరం లేకుండా పల్లానికి పారి నల్లాలోకి వచ్చింది. మన నగర నీటి చరిత్రలో ఇంత పొందికైన పని మరొకటి లేదని నా అభిప్రాయం. ఆ తర్వాత నగరం పెరిగిన కొద్దీ నీళ్లు దూరమవుతూ పోయాయి. 1960ల్లో మంజీరా, 2004 నుంచి కృష్ణ, 2015 చివరి నుంచి గోదావరి. చివరి రెండూ వంద కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో ప్రయాణించి, విద్యుత్తు తాగుతూ ఎత్తెక్కి వస్తాయి. నల్లా తిప్పినప్పుడు ఈ దూరం కనిపించదు.

నల్లా వచ్చాక ఇళ్లలో ఒక కొత్త అలవాటు పుట్టింది. నీళ్లు వచ్చే వేళకు డ్రమ్ములు, బిందెలు, బకెట్లు అన్నీ నింపడం, మర్నాడు కొత్త నీళ్లు రాగానే నిన్నటి నీళ్లు పారబోయడం. కొరతకు భయపడి దాచి, తాజాదనం కోసం ఒలకబోస్తాం. ఇందులో మనుషుల తప్పు సగమే. రోజూ ఒకే వేళకు నీళ్లొస్తాయన్న నమ్మకం ఉన్న చోట డ్రమ్ములు ఉండవు.

పల్లెల్లో మలుపు బోరుతో వచ్చింది. మొదట చేతిపంపు వచ్చింది, దాన్ని జనం బోరింగు అన్నారు. తర్వాత కరెంటు మోటారు వచ్చింది. చేతిపంపు కొట్టేవాడి చేతికి నీటి బరువు ఇంకా తెలిసేది. మోటారు స్విచ్చుకు బరువు లేదు. బావి అడుగంటితే కంటికి కనిపిస్తుంది, బోరు అడుగంటడం కనిపించదు. గొట్టంలోంచి గాలి వచ్చిన రోజే తెలుస్తుంది. అప్పుడు ఇంకో వంద అడుగులు. లోతుకు పోయిన చోట నీళ్లతోపాటు ఫ్లోరైడు పైకొచ్చింది. ఫ్లోరైడు తెచ్చే జబ్బు కొత్తది కాదు. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో ఎముకలు వంకరపోవడానికి కారణం తాగునీటి ఫ్లోరైడేనని 1937లోనే వైద్యులు రాశారు. 1970ల్లో నాగపూర్ నీరి సంస్థ పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును దించే పద్ధతి రూపొందించి, దానికి నల్గొండ పేరు పెట్టింది. ఒక జిల్లాకు దక్కిన విషాద గౌరవం అది. 2016 ఆగస్టులో మొదలైన తెలంగాణ ప్రభుత్వ పథకం మిషన్ భగీరథ నది నీళ్లను ఇంటింటికీ చేర్చడానికి ప్రధాన కారణాల్లో ఈ ఫ్లోరైడు ఒకటి.

బోరుతో పాటు ఇంట్లోకి సంపు, మిద్దె మీద ట్యాంకు, ఫ్లష్షు, షవరు వచ్చాయి. పాత ఫ్లష్ ట్యాంకు ఒక్క నొక్కుకు 10 లీటర్లకు పైగా వదిలేది. రెండు మీటల కొత్త ట్యాంకు అయితే పెద్ద మీటకు 6, చిన్నదానికి 3 లీటర్లు. షవరు కింద ఐదు నిమిషాలు నిలబడితే రెండు మూడు బకెట్లు పోతాయి. తాగునీటి ఆర్వో యంత్రం లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు సింకులోకి వదులుతుంది. ఆ నీళ్లతో గచ్చు కడగొచ్చు, మరుగుదొడ్డికి వాడొచ్చు. ఉప్పు చిక్కబడి ఉంటాయి కాబట్టి కుండీ మొక్కలకు రోజూ పోయకూడదు. సెకనుకు ఒక చుక్క కారే కుళాయి రోజుకు 20 లీటర్ల దాకా వృథా చేస్తుంది. చిన్న వాషరుతో పోయే పని.

ఈ పరికరాలకన్నా పెద్ద మార్పు భూగర్భ డ్రైనేజీతో వచ్చింది. ఆరోగ్యానికి అది అవసరం, దాన్ని తప్పుపట్టడం మూర్ఖత్వం. కానీ మరుగు నీళ్లూ స్నానాల నీళ్లూ ఒకే గొట్టంలోకి పోయిన రోజున జలదారి తెగింది. పెరటికి నీళ్లు అందలేదు. అరటి ఎండింది. ఎండిన చోట గచ్చు చేశారు. గచ్చు మీద వాన ఇంకదు కాబట్టి వీధిలోకి పారింది. వీధిలో మోకాలి లోతు నీళ్లు, ఇంట్లో ట్యాంకరు నీళ్లు. బావి చెత్తకుండీ అయింది. సికింద్రాబాదు బన్సీలాల్‌పేట మెట్లబావి అలా పూడిపోయినవాటిలో ఒకటి. టన్నుల కొద్దీ చెత్త తీసి బాగుచేసి 2022 డిసెంబరులో తెరిచాక, అడుగున ఊట ఇంకా బతికే ఉందని నగరం ఆశ్చర్యపోయింది. ఊట ఎక్కడికీ పోలేదు. మనం మూతేశాం.

ప్రభుత్వాలు చూస్తూ కూర్చోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2000లో నీరు-మీరు అనే నీటి సంరక్షణ కార్యక్రమం వచ్చింది, 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం వచ్చింది. ఇంకుడుగుంత ఇంటింటి మాటయింది. ఆంధ్రప్రదేశ్ నుంచి తెలుగుగంగ ద్వారా కృష్ణా జలాలు అందుకునే చెన్నైలో, 2003లో వాననీటి సేకరణను ప్రతి భవనానికీ గట్టిగా అమలు చేశారు. తర్వాత కొన్నేళ్లు అక్కడి బావుల్లో మట్టం పెరిగింది. 2019 జులైలో అదే నగరం రైళ్లలో నీళ్లు తెప్పించుకుంది. చట్టం గుంత తవ్వించగలదు, ఏటా పూడిక తీయించలేదు. మన దగ్గర అనుమతి పత్రం కోసం తవ్వి, గృహప్రవేశం నాటికి పూలకుండీ కింద మాయమైన గుంతలు ఎన్నో. సరైన గుంతలో అడుగున పెద్ద రాళ్లు, వాటిపై కంకర, ఆపై ఇసుక ఉంటాయి. మొదటి వాన మురికిని బయటికి వదిలే ఏర్పాటు ఉంటుంది. ఏటా మృగశిరకు ముందు పైపొర ఇసుక తీసి కడగాలి. అది చెయ్యకపోతే రెండేళ్లలో గుంత గోడలా గట్టిపడుతుంది.

లెక్క మాత్రం ఇంకా మనవైపే ఉంది. చదరపు మీటరు మీద మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు పడుతుంది. 100 చదరపు మీటర్ల మిద్దె మీద 80,000 లీటర్లు. పోయేది పోగా 60,000 లీటర్లు చేతికొచ్చినా, పెరటి మొక్కలకు ఏడాది సరిపోయి బోరుకూ మిగులుతుంది. పాత మండువా లోగిళ్లలో చూరు కింద గంగాళం పెట్టి వాననీళ్లు పట్టుకున్నవాళ్లకు ఈ లెక్క రాయడం రాకపోవచ్చు గానీ చేయడం వచ్చు.

మంచి వార్త మిద్దె మీదే ఉంది. పెరడు పోయినవాళ్లు పెరడును నెత్తికెత్తుకున్నారు. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి లాంటివాళ్లు తమ డాబా మీద పండించి చూపించి, మిద్దెతోట అన్న మాటను వాడుకలోకి తెచ్చారు. కూరగాయలు కడిగిన నీళ్లు, ఏసీ గొట్టం నీళ్లు, బియ్యం నీళ్లు మళ్లీ మొక్క దారి పట్టాయి. ఏసీ నీళ్లు ఉప్పులేనివి, కుండీకి ఇబ్బంది లేదు. కొబ్బరిపొట్టు కలిపిన మట్టి తడిని నిలుపుతుంది, ఆకుల కప్పు ఎండను ఆపుతుంది. అయితే ఎండాకాలంలో కాంక్రీటు మీది కుండీ నేలమీది మొక్కకన్నా ఎక్కువ తాగుతుంది. ట్యాంకరు నీళ్లు కొని టమాటాలు పండించడం పొదుపు అనిపించుకోదు. నీడవల వేయలేనివాళ్లు ఏప్రిల్, మే నెలల్లో తోట తగ్గించుకోవడమే తెలివి.

హైదరాబాదులో ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితంగా ఇచ్చే పథకం 2021 జనవరిలో మొదలైంది. ఐదుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 133 లీటర్లు. నగరాలకు పెట్టుకున్న ప్రమాణం 135. అంటే ఆ నీళ్లు అవసరానికి దాదాపు సరిపోతాయి. చిక్కంతా లెక్క కనపడకపోవడంలో ఉంది. సొంతింట్లో మీటరుంటే వాడకం తెలుస్తుంది. చాలా అపార్ట్‌మెంట్లలో నీళ్ల ఖర్చు చదరపు అడుగుల చొప్పునో, ఫ్లాటుకు ఇంతనో పంచుతారు. ఒంటరిగా ఉండే పెద్దాయన, రోజూ కారు కడిగించే పొరుగింటాయన ఒకే మొత్తం కడతారు. చెంబు చేసిన కొలతను, చేద చేసిన హెచ్చరికను ఇప్పుడు మీటరు తప్ప మరేదీ చేయలేదు. చేదతో వచ్చిన నడుంనొప్పీ అంటరానితనమూ మీటరుతో రావు. ఆ ఒక్క కారణానికే దాన్ని మెచ్చుకోవాలి.

అందుకే పాఠకులకు రెండు విన్నపాలు. సొంతిల్లు కట్టుకుంటున్నవాళ్లు స్నానాల గది గొట్టాన్నీ మరుగుదొడ్డి గొట్టాన్నీ విడిగా వేయమని మేస్త్రీకి పునాదుల దగ్గరే చెప్పండి. గచ్చు పడ్డాక ఆ పని కుదరదు. ఫ్లాట్లలో ఉన్నవాళ్లు వచ్చే సంఘం సమావేశంలో ఫ్లాటుకో నీటి మీటరు పెట్టాలని తీర్మానం అడగండి, ఇంకుడుగుంత ఇసుకను మే నెలలో కడిగించే బాధ్యత ఎవరిదో పేరుతో సహా మినిట్స్ పుస్తకంలో రాయించండి.